సీరియం వేలన్సీ ఎంత? ముందు పక్కన ఎవరున్నారో చెప్పండి

వేలన్సీ అనగానే మనకి గుర్తొచ్చేది స్కూల్లో బట్టీ పట్టిన పట్టిక. సోడియం 1, కాల్షియం 2, అల్యూమినియం 3. ఒక పరమాణువు ఇంకొకదానితో కలిసేటప్పుడు ఎన్ని ఎలక్ట్రాన్లతో ఆ పొత్తులోకి దిగుతుందో ఆ లెక్కే వేలన్సీ. తెలుగు పుస్తకాల్లో సంయోజకత అని రాస్తారు. ఇనుము లాంటి వాటికి 2, 3 అని రెండు అంకెలున్నా రెండూ పూర్ణాంకాలే. పేరు పక్కన అంకె అచ్చయి ఉంటుంది కాబట్టి, అది రక్తం గ్రూపులాగా పుట్టుకతో వచ్చిందనీ, ఎక్కడికెళ్లినా మారదనీ అనుకుంటాం.

ఇప్పుడు పేపర్లలో తరచుగా కనిపిస్తున్న రేర్ ఎర్త్ మూలకాల్లో, అంటే విరళ మృత్తికల్లో, కొన్నింటి సంగతి అలా కాదు. వాటి వేలన్సీ పక్కన ఏ లోహం ఉందో దాన్ని బట్టి మారుతుంది. ఒక్కోసారి 2.8 లాంటి భిన్నం కూడా అవుతుంది. ఈ పాఠంలో చెప్పదలచుకున్నది ఇదే.

ఆర్ట్స్ వాళ్ల గోడపత్రికలో ఇదేంటి అనకండి. బరంపురం నుంచి భువనేశ్వర్ వైపు రైలెక్కితే కాసేపట్లో ఛత్రపురం వస్తుంది కదా. అక్కడి సముద్రపు ఇసకలోంచి ఐఆర్‌ఈఎల్ అనే ప్రభుత్వ సంస్థ ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్‌లతో పాటు మోనజైట్‌ని కూడా వేరు చేస్తుంది. విరళ మృత్తికలు ఉండేది ఆ మోనజైట్‌లోనే. మన జిల్లా ఇసకలో ఏముందో సైన్సు బ్లాకు వాళ్లకే కాదు, మనకీ తెలియాలి.

అరుగు మీద మూడు, లోగదిలో మిగతావి

లాంథనం నుంచి లుటీషియం దాకా ఉన్న 15 మూలకాలకి స్కాండియం, యిట్రియం కలిపితే మొత్తం 17. ఆ 15 ఒకదానికొకటి ఎంత దగ్గర పోలికంటే, వాటిని విడదీయడానికి రసాయన శాస్త్రవేత్తలకి వందేళ్లకు పైగా పట్టింది.

పోలిక ఎందుకంటే, ఈ పరమాణువుల్ని పాతకాలపు ఇళ్లలాగా ఊహించుకోండి. వీధి అరుగు మీద మూడు ఎలక్ట్రాన్లు కూర్చుంటాయి. పొరుగువాళ్లతో మాటా మంతీ, ఇచ్చిపుచ్చుకోవడాలు అన్నీ వీటివే. వెనకాల ఒక లోగది ఉంటుంది. దాని పేరు 4ఎఫ్. అందులో 14 ఎలక్ట్రాన్లు పడతాయి. లాంథనంలో లోగది ఖాళీ, సీరియంలో ఒకటి, ప్రాసియోడిమియంలో రెండు, నియోడిమియంలో మూడు. ఇలా పెరుగుతూ లుటీషియం దగ్గరికొచ్చేసరికి 14 నిండిపోతాయి. లోపల ఎంతమంది ఉన్నా బయటికి కనిపించేది అరుగు మీది ముగ్గురే. అందుకే ఈ కుటుంబంలో మామూలు వేలన్సీ 3.

లోగదిలో వాళ్లు బయటికి రాకపోయినా ఊరుకోరు. ఈ లోహాల అయస్కాంత గుణం చాలావరకు వాళ్లదే. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

మూడు దగ్గర ఆగనివాళ్లు

లోగది సగం నిండినప్పుడు, అంటే 7 దగ్గర, పూర్తిగా నిండినప్పుడు, అంటే 14 దగ్గర ఎలక్ట్రాన్లకి స్థిమితం ఎక్కువ. వరస ప్రకారం యూరోపియం లోగదిలో 6 ఉండాలి. కానీ అది అరుగు మీంచి ఒకదాన్ని లోపలికి పిలిచేసి 7 చేసుకుంటుంది. బయట మిగిలేవి రెండే, కాబట్టి వేలన్సీ 2. యిటర్బియం కూడా ఇంతే. 13 ఉండాల్సిన చోట 14 చేసుకుని, బయటికి రెండే ఇస్తుంది.

ఇది ఊహ కాదు. సాంద్రత పట్టిక చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. ఘన సెంటీమీటరుకి సమేరియం 7.5 గ్రాములు, ఆ తర్వాతి యూరోపియం 5.2, ఆ తర్వాతి గడోలినియం 7.9. అలాగే థూలియం 9.3, యిటర్బియం 7.0, లుటీషియం 9.8. నిండుగా సాగుతున్న వరసలో రెండు చోట్ల గుంట పడింది. కారణం తేలికే. లోపల ఒక ఎలక్ట్రాన్ ఎక్కువైతే కేంద్రకం లాగుడు బయటివాటికి అంతగా తగలదు. పైగా పక్కవాళ్లని పట్టి ఉంచడానికి మూడు చేతుల బదులు రెండే ఉంటాయి. పరమాణువు ఉబ్బుతుంది, లోహం వదులవుతుంది. వేలన్సీ తగ్గితే సైజు పెరుగుతుంది, వేలన్సీ పెరిగితే సైజు తగ్గుతుంది. మనకి ముఖ్యమైన ఆనవాలు ఇదే.

సీరియం దారి వేరు. దాని లోగదిలో ఉన్నది ఒక్కటే, అదీ గట్టిగా కట్టుబడి లేదు. గది ఉష్ణోగ్రత దగ్గర సీరియం మీద వాతావరణ పీడనానికి 7, 8 వేల రెట్లు ఒత్తిడి పెడితే దాని ఘనపరిమాణం ఒక్కసారిగా దాదాపు 15 శాతం పడిపోతుంది. స్ఫటికంలో పరమాణువుల అమరిక మాత్రం అలాగే ఉంటుంది. ఒత్తిడికి లోగది ఎలక్ట్రాన్ కొంతవరకు బయటివాళ్లతో కలిసిపోతుందన్నమాట. అంటే సీరియం 3 నుంచి 4 వైపు కొంచెం జరుగుతుంది.

ఖనిజంలోంచి వీటిని విడదీసేటప్పుడు కూడా ఈ స్వభావమే సాయపడుతుంది. అన్నీ 3గా ఉన్న ద్రావణంలో సీరియంని 4 చేస్తే అది విడిగా దిగిపోతుంది. యూరోపియంకి జింకు ఎదురుపెడితే, జింకు దగ్గర ఒక ఎలక్ట్రాన్ పుచ్చుకుని 2 అవుతుంది. అప్పుడు దాన్నీ తేలిగ్గా పక్కకి తియ్యొచ్చు.

ఇల్లు అదే, పొరుగు వేరు

పొరుగు లోహం ప్రభావం చూడాలంటే మిగతావేవీ మారకుండా పొరుగునే మార్చాలి. ప్రకృతిలో అలాంటి జంటలు ఉన్నాయి.

ఒక సీరియంకి రెండు అల్యూమినియంలు కలిపితే ఒక సమ్మేళనం వస్తుంది. ఒక సీరియంకి రెండు రుథేనియంలు కలిపితే ఇంకొకటి. రెండింటిలోనూ పాళ్లు ఒకటే, స్ఫటికంలో పరమాణువుల అమరిక కూడా ఒకటే. మారింది పొరుగే.

అల్యూమినియంతో ఉన్నప్పుడు సీరియం బుద్ధిగా 3. స్ఫటికంలో ఒక గడి పొడవు లాంథనంకి 8.15 ఆంగ్‌స్ట్రామ్‌లు, సీరియంకి 8.06, ప్రాసియోడిమియంకి 8.03. వరస తప్పలేదు. లోగది ఎలక్ట్రాన్ లోపలే ఉంది కాబట్టి దాని అయస్కాంతమూ ఉంది. సుమారు 3.8 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 269 డిగ్రీల చలిలో, ఆ చిన్న చిన్న అయస్కాంతాలన్నీ ఒకదానికొకటి ఎదురుగా ఒక క్రమంలో సర్దుకుంటాయి.

రుథేనియంతో ఉన్నప్పుడు ఇదే సీరియం కుంచించుకుపోతుంది. దాని గడి, వరసలో తర్వాత వచ్చే ప్రాసియోడిమియం గడి కంటే కూడా చిన్నది. వేలన్సీ 3 దాటిందనడానికి ఇది గుర్తు. లోగది ఎలక్ట్రాన్ బయటి గుంపులో కలిసిపోవడంతో అయస్కాంతం మాయమైంది. సుమారు 6 కెల్విన్ దగ్గర ఆ పదార్థం అతివాహకం అవుతుంది. అంటే కరెంటుకి ఏమాత్రం అడ్డు చెప్పదు. మామూలుగా పరమాణు అయస్కాంతాలున్న చోట అతివాహకత నిలబడలేదు. కాబట్టి అది అతివాహకం అయిందంటే, సీరియం దగ్గర అయస్కాంతం లేదని అదే సాక్ష్యం చెప్తోంది.

యూరోపియం కథ కూడా ఇలాంటిదే. ఒంటరిగా ఉన్నప్పుడు 2. రెండు పల్లాడియంలతో కలిసినా 2. మూడు పల్లాడియంలతో కలిస్తే మాత్రం 3. పొరుగు ఎవరన్నదే కాదు, ఎంతమందన్నదీ లెక్కలోకొస్తుంది.

ఈ విషయంలో మన దేశం పని కూడా ఉంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో సంపత్‌కుమారన్, గుప్తా, విజయరాఘవన్, వాళ్ల సహచరులు ఒక యూరోపియం, రెండు పల్లాడియంలు, రెండు సిలికాన్‌లు ఉన్న సమ్మేళనాన్ని పరిశీలించి 1981లో ప్రకటించారు. అందులో యూరోపియం మామూలు ఉష్ణోగ్రతలో 2కి దగ్గరగా ఉంటుంది. చల్లబరుస్తూ పోతే 150 కెల్విన్ ప్రాంతంలో గబగబా 3 వైపు జరుగుతుంది. ఇందులో పల్లాడియం మొత్తం తీసేసి బంగారం పెడితే, ఎంత చల్లబరిచినా యూరోపియం 2గానే ఉండిపోతుంది.

యిటర్బియంకి ఒక ఇండియం, నాలుగు రాగి పరమాణువులు తోడున్న సమ్మేళనం ఇంకా చిత్రం. 3కి దగ్గరగా ఉన్న యిటర్బియం 42 కెల్విన్ దగ్గర ఉన్నట్టుండి 2 వైపు కొంత దూకుతుంది. 2 అయితే సైజు పెరగాలి కదా. అందుకని చల్లబడుతున్న పదార్థం ముడుచుకోకుండా, ఘనపరిమాణంలో అర శాతం మేర ఉబ్బుతుంది. ఇండియం తీసి ఆ చోట వెండి పెడితే ఈ దూకుడే ఉండదు.

పొరుగు చేసేదేమిటి

ఇవన్నీ చదివాక, లోహం మారితే వేలన్సీ ఎందుకు మారాలి అని అడగాలి. మూడు కారణాలు కలిసి పనిచేస్తాయి.

మొదటిది చోటు. చుట్టూ ఉన్నవాళ్లు ఇరుకు చేస్తే చిన్న సైజుకే అనుకూలం, అంటే ఎక్కువ వేలన్సీకి. సీరియం మీద బయటినుంచి ఒత్తిడి పెట్టామే, దగ్గరగా చేరిన పొరుగువాళ్లు లోపలినుంచే అలాంటి ఒత్తిడి పెడతారు.

రెండోది లాభనష్టాలు. లోగదిలోంచి ఒక ఎలక్ట్రాన్‌ని అరుగు మీదికి తేవాలంటే శక్తి ఖర్చు. ఆ మూడో ఎలక్ట్రాన్‌తో పొరుగువాళ్లతో బంధం గట్టిపడితే కొంత శక్తి తిరిగి వస్తుంది. ఖర్చు కంటే రాబడి ఎక్కువైతే ఎలక్ట్రాన్ బయటికొస్తుంది, లేకపోతే లోపలే కూర్చుంటుంది. యూరోపియంకి రెండు పల్లాడియంలతో ఖర్చు గిట్టలేదు, మూడైతే గిట్టింది.

మూడోది తలుపు. లోగది ఎలక్ట్రాన్ పూర్తిగా గోడల మధ్య బందీ కాదు, దాని తరంగం కొద్దిగా బయటికి పాకుతుంది. రుథేనియం, ఇనుము, నికెల్ లాంటి లోహాల ఎలక్ట్రాన్లు దగ్గరగా ఉండి, వాటి శక్తి దీని శక్తితో కుదిరితే, తలుపు ఓరగా తెరుచుకున్నట్టే. ఎలక్ట్రాన్ లోపలా ఉంటుంది, బయటా ఉంటుంది. సీరియం పక్కన రెండేసి అల్యూమినియంలు ఉన్నప్పుడు ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది.

2.8 అంటే ఏమిటి

ఎలక్ట్రాన్‌ని ముక్కలు చెయ్యలేం కదా, మరి 2.8 ఎలా వస్తుంది? రెండు రకాలుగా రావచ్చు. కొన్ని పరమాణువులు ఎప్పుడూ 2గా, మిగతావి ఎప్పుడూ 3గా ఉండి సగటు అలా రావచ్చు. లేదా ప్రతి పరమాణువూ 2కీ 3కీ మధ్య క్షణక్షణం ఊగుతూ ఉండవచ్చు.

ఏది నిజమో తేల్చడానికి సీలింగ్ ఫ్యానుని తలుచుకోండి. చాలా వేగంగా ఫోటో తీస్తే రెక్కలు విడివిడిగా కనిపిస్తాయి. నెమ్మదిగా తీస్తే ఒకే చక్రంలా కనిపిస్తుంది. ఎక్స్‌రే శోషణ పరీక్ష వేగమైన కెమెరా. అందులో 2కి ఒక శిఖరం, 3కి ఒక శిఖరం వేరువేరుగా కనిపిస్తాయి. వాటి ఎత్తుల నిష్పత్తి నుంచి సగటు వేలన్సీ లెక్కగడతారు. యూరోపియం కేంద్రకంతో చేసే మోస్‌బవర్ పరీక్ష నెమ్మది కెమెరా. ముంబైలో చూసిన ఆ సమ్మేళనంలో యూరోపియంకి ఈ పరీక్షలో రెండు గీతలు రావు. 2కీ 3కీ మధ్యలో ఒకటే గీత వస్తుంది. అంటే పరమాణువులు రెండు జట్లుగా విడిపోలేదు. అన్నీ ఒకేలా ఊగుతున్నాయి.

నాకిది అర్థమైంది మా ఇంటి మాటల వల్ల. అమ్మది తెలుగు, నాన్నది ఒడియా. మేం మాట్లాడే వాక్యాన్ని మాట మాటగా విడదీస్తే ఇది తెలుగు, అది ఒడియా అని ఎవరైనా చెప్పగలరు. మొత్తంగా వింటే మా ఇంటి మాట ఒకటే, మధ్యలో గీత లేదు. ఇంట్లో సగంమంది తెలుగువాళ్లు, సగంమంది ఒడియావాళ్లు అని ఎవరైనా రాసుకుంటే సగటు సరిపోతుంది గానీ సంగతి తప్పు. అయితే పోలిక ఇంతవరకే. మనకి ఇష్టాయిష్టాలుంటాయి, ఎలక్ట్రాన్‌కి ఉన్నది శక్తి లెక్క ఒక్కటే.

ఇసకలో ఉన్నదంతా అయస్కాంతం కాదు

ఇప్పుడు ఛత్రపురం ఇసక దగ్గరికి వద్దాం. మన దేశపు మోనజైట్‌లో ఉన్న విరళ మృత్తికల్లో దాదాపు సగం సీరియమే. నియోడిమియం ఐదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. కరెంటు బళ్ల మోటార్లకీ, గాలిమరలకీ, ఫోన్ల స్పీకర్లకీ కావలసిన బలమైన అయస్కాంతంలో ఉండేది నియోడిమియం. అందులో రెండు నియోడిమియంలకి 14 ఇనుములు, ఒక బోరాన్. 1980లలో కనిపెట్టారు. ఒక కిలో నియోడిమియం కావాలని తవ్వితే, అడగకుండానే రెండు కిలోలకు పైగా సీరియం వచ్చి పడుతుంది.

మరి నియోడిమియం చోట సీరియం పెట్టెయ్యొచ్చు కదా? పెడితే అదే అమరికలో సమ్మేళనం వస్తుంది, కానీ అయస్కాంతం బలహీనం. నియోడిమియంది 310 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా అయస్కాంతత్వం నిలుపుకుంటే, సీరియంది సుమారు 150 డిగ్రీలకే పోగొట్టుకుంటుంది. కారణం మనం ఇంతదాకా చదివిందే. చుట్టూ ఇనుము ఉండేసరికి సీరియం 3గా నిలబడలేదు. లోగదిలోని ఆ ఒక్క ఎలక్ట్రాన్ సగం బయటికి కలిసిపోతుంది, దాంతో అయస్కాంతానికి అది చెయ్యాల్సిన పనీ పోతుంది. నియోడిమియం లోగది మూడు ఎలక్ట్రాన్లూ ఇనుము పక్కన కూడా కదలవు.

అందుకే కొంత నియోడిమియం తీసి ఆ మేరకు సీరియం కలిపిన అయస్కాంతాలు చేస్తున్నారు. సీరియంకి చోటు పెంచి, పొరుగు మార్చి, దాన్ని మళ్లీ 3 వైపు తేవచ్చా అని పరిశోధనలు జరుగుతున్నాయి. సీరియంలో ఈ నిలకడలేనితనమే ఇంకోచోట వరం కూడా. కార్ల పొగగొట్టంలో విషవాయువుల్ని శుద్ధి చేసే పరికరంలో సీరియం ఆక్సైడ్ ఉంటుంది. అది 3కీ 4కీ మధ్య మారుతూ ఆక్సిజన్‌ని పుచ్చుకుంటుంది, ఇస్తుంది.

ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. విరళ మృత్తికల విషయంలో ఇది సగమే నిజం. గడోలినియంని ఏ లోహం పక్కన కూర్చోబెట్టినా దాదాపు ఎప్పుడూ 3గానే ఉంటుంది. లోపల 7, బయట 3, స్థిరంగా ఉంది కాబట్టి సావాసం దాన్ని కదపలేదు. సీరియం, యూరోపియం, యిటర్బియం లాంటివి గడప మీద నిలబడ్డాయి. లోపలికి వెళ్లినా, బయటికి వచ్చినా వాటికి ఖర్చులో తేడా చాలా తక్కువ. అలాంటి చోటనే పొరుగు మాట చెల్లుతుంది. అప్పుడు కూడా యూరోపియం పల్లాడియం అయిపోదు. కేంద్రకంలో 63 ప్రోటాన్లతో యూరోపియంగానే ఉంటుంది.

కాబట్టి ఎవరైనా సీరియం వేలన్సీ ఎంత అని అడిగితే, వెంటనే అంకె చెప్పకండి. పక్కన అల్యూమినియం ఉందా, రుథేనియం ఉందా, ఇనుము ఉందా అని అడగండి. ఎంత ఇరుకులో ఉంది, ఎంత చలిలో ఉంది అని కూడా అడగండి. ఆ తర్వాతే జవాబు.